జర్నలిజంలో చేరబోయేవాళ్ళ ప్రశ్నలు, మా జవాబులు

అడ్మిషన్ల టైమ్ కదా, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో, మెయిల్స్‌లో సగానికి పైగా ఒకటే గొడవ, జర్నలిజం చదవాలా వద్దా అని. కొన్ని మరీ ఒకేలా ఉన్నాయి, వాటిని కలిపేసి రాస్తున్నా. మీ ప్రశ్న కనపడకపోతే పక్క ప్రశ్నకి రాసిన జవాబులో వెతకండి, దొరుకుతుంది.

ప్రశ్న: మేడమ్, డిగ్రీ అయిపోయింది. పీజీకి అప్లై చేద్దామని చూస్తే ఒక చోట జర్నలిజం, ఇంకో చోట మాస్ కమ్యూనికేషన్, మరో చోట మీడియా స్టడీస్ అని ఉన్నాయి. మూడూ ఒకటేనా? కాకపోతే నేను దేంట్లో చేరాలి?

ఒకటి కాదమ్మా, అలాగని పూర్తిగా వేరూ కాదు. మూడు వేర్వేరు ఇళ్ళలో పుట్టి పెరిగి తర్వాత ఒకే బోర్డు కిందకి వచ్చి కాపురం పెట్టాయి, అందుకే ఈ గందరగోళం.

జర్నలిజం పనితో పాటు పుట్టిన చదువు. అమెరికాలో మిస్సోరి యూనివర్సిటీలో 1908లో జర్నలిజం స్కూల్ పెట్టినప్పుడు మొదటి డీన్ వాల్టర్ విలియమ్స్, పత్రికా సంపాదకుడు, ఆయనకి కాలేజీ డిగ్రీయే లేదు. క్లాసులు మొదలైన రోజే స్టూడెంట్స్ నడిపే పత్రిక కూడా అచ్చయి బయటికొచ్చింది, అంటే చేస్తూ నేర్చుకోవడమే అక్కడ మొదటి పాఠం. 1912లో న్యూయార్క్‌లోని కొలంబియాలో ఇంకో స్కూల్ వచ్చింది, పత్రికాధిపతి జోసెఫ్ పులిట్జర్ ఇచ్చిన డబ్బుతో, ఆయన పోయిన మరుసటి ఏడాది.

కమ్యూనికేషన్ కథ వేరు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రేడియో, ప్రచారం జనం మీద ఎలా పనిచేస్తున్నాయో తెలుసుకోవాలని సైకాలజీ, సోషియాలజీ, పొలిటికల్ సైన్స్ వాళ్ళు తలా ఒక పక్కనుంచి తవ్వడం మొదలెట్టారు. ఎవరు చెప్పారు, ఏం చెప్పారు, ఏ మార్గంలో, ఎవరికి, ఏం ఫలితం వచ్చింది, ఈ అయిదు ముక్కల్లో మొత్తం సబ్జెక్టుని హెరాల్డ్ లాస్‌వెల్ 1948లో ఇమిడ్చి పెట్టాడు, విల్బర్ ష్రామ్ లాంటివాళ్ళు దానికి యూనివర్సిటీల్లో సొంత చోటు సంపాదించారు. అందుకే ఈ కోర్సుల్లో సర్వేలు, స్టాటిస్టిక్స్, పబ్లిక్ రిలేషన్స్, ప్రకటనలు అన్నీ కలిసి ఉంటాయి.

మీడియా స్టడీస్‌కి ఇంకో మూలం సాహిత్యం చదివినవాళ్ళ దగ్గర ఉంది. బ్రిటన్‌లో బర్మింగ్‌హామ్ యూనివర్సిటీలో 1964లో రిచర్డ్ హోగార్ట్ ఒక సెంటర్ పెట్టాడు, తర్వాత దాన్ని స్టువార్ట్ హాల్ నడిపాడు, ఒక కవితని ఎంత శ్రద్ధగా చదువుతామో టీవీ వార్తనీ ప్రకటననీ అంత శ్రద్ధగా చదవాలన్నది వీళ్ళ పట్టుదల.

ఇదంతా చరిత్రలే, నాకెందుకు అంటారేమో, ఒక ఉదాహరణ చూడండి. ఒక బస్సు ప్రమాదం జరిగింది అనుకుందాం. జర్నలిజం క్లాసులో మీ చేతిలో పోలీసు నోట్ ఒకటి పెట్టి ఇరవై నిమిషాల్లో రెండొందల మాటల్లో వార్త రాయమంటారు, ఆ నోట్‌లో చనిపోయినవాళ్ళ సంఖ్య పైన అయిదు అని, కింద పేర్లు లెక్కేస్తే ఆరు అని ఉంటుంది, కావాలనే పెడతారు, చూసుకోకుండా రాసినవాడికి సున్నా. కమ్యూనికేషన్ క్లాసులో అదే ప్రమాదం గురించి జనానికి మొదట ఎలా తెలిసింది, టీవీలోనా ఫోన్‌లోనా పక్కింటివాళ్ళు చెప్పారా, ఎవరి మాట నమ్మారు అని ప్రశ్నలు తయారుచేయించి పంపిస్తారు. మీడియా స్టడీస్ క్లాసులో మర్నాటి పేపర్లు నాలుగు బల్లమీద పరిచి, చనిపోయినవాళ్ళలో డాక్టర్ పేరు హెడ్డింగ్‌లోకి ఎక్కి కూలీలు మాత్రం 'మరో నలుగురు'గా ఎందుకు మిగిలిపోయారో చెప్పమంటారు.

ఈ మూడిట్లో ఏ పని చదువుతున్నప్పుడు మీకు చేతులు దురదపెట్టాయో అదే మీ కోర్సు. కానీ పేరు చూసి మాత్రం చేరిపోవద్దు, ఎందుకంటే జర్నలిజం అని పేరు పెట్టుకుని ఏడాదంతా నోట్స్ డిక్టేట్ చేసే చోట్లు ఉన్నాయి, మీడియా స్టడీస్ అంటూ మొదటి నెలలోనే కెమెరా చేతికిచ్చే చోట్లూ ఉన్నాయి. సిలబస్ తెప్పించుకోండి, ప్రాక్టికల్స్‌కి ఎన్ని మార్కులు, స్టూడెంట్స్ పత్రిక గానీ రేడియో గానీ నడుస్తోందా, చివరి సంచిక ఎప్పుడొచ్చింది అడగండి. ఇంకో చిట్కా, ఇది ఎవరూ చెప్పరు. అక్కడ చదివే సీనియర్‌ని పట్టుకుని, దిద్దిచ్చిన అసైన్‌మెంట్ ఒక్కటి చూపించమని అడగండి. కాగితం మీద కింద ఒక మార్కు, ఒక సంతకం మాత్రమే ఉంటే ఆలోచించుకోండి. ఈ మాట ఎవరన్నారు, ఇది నువ్వు చూశావా విన్నావా, రెండో పేరాలో ఉండాల్సింది ఏడో పేరాలో ఎందుకుంది అంటూ పక్కన రాతలు నిండి ఉంటే మాత్రం కళ్ళు మూసుకుని చేరిపోవచ్చు, ఎర్ర పెన్ను పట్టుకునే ఓపిక ఉన్న టీచర్ ఉన్నచోట మిగతావి కొంచెం తక్కువైనా నడుస్తుంది.

ప్రశ్న: నేను ఆల్రెడీ ఫస్ట్ ఇయర్‌లో ఉన్నాను మేడమ్. రిపోర్టింగ్ అంటే ఇష్టం. కానీ కమ్యూనికేషన్ థియరీస్ పేపర్ చూస్తే నిద్రొస్తోంది. ఫీల్డ్‌లో ఈ మోడల్స్, ఈ బాణం గుర్తులు ఎవరికి కావాలి?

బాణం గుర్తులు ఎవరికీ అక్కర్లేదు, అవి పరీక్షలో గీసి మర్చిపో. ఆ బాణాల వెనకున్న మనుషుల కథ ఎవరూ చెప్పకపోబట్టి నీకు నిద్రొస్తోంది.

గేట్‌కీపింగ్ అని చదివే ఉంటావు, ఏ వార్త లోపలికి రావాలో ఏది బయటే ఆగిపోవాలో తేల్చడం. 1949లో డేవిడ్ మానింగ్ వైట్ అనే ఆయన ఒక చిన్న పట్నం పేపర్లో పనిచేసే ఎడిటర్ని బతిమాలాడు, వార్తా ఏజెన్సీల నుంచి వచ్చే వార్తల్లో నువ్వు పక్కన పడేసినవన్నీ ఒక వారం పాటు దాచి, రోజూ పని అయ్యాక వాటి మీద ఎందుకు పడేశావో రాసిపెట్టు అని. ఆ ఎడిటర్ అసలు పేరు చెప్పకుండా మిస్టర్ గేట్స్ అని పెట్టి 1950లో ఆ సంగతి అచ్చువేశాడు. వచ్చిన దాంట్లో పేపర్లోకి ఎక్కింది పదో వంతు మాత్రమే! మిగతావి ఎందుకు పోయాయి అంటే చాలావాటికి కారణం చోటు లేదనే, కానీ కొన్నింటి మీద ఆ పెద్దమనిషి రాసిన కారణాలు చూస్తే అవి అచ్చంగా ఆయన సొంత ఇష్టాయిష్టాలు, ఫలానా రకం మనుషులంటే ఆయనకి పడదు, అంతే, ఊరంతటికీ ఆ వార్త లేకుండా పోయింది.

ఇంకోటి, అజెండా సెట్టింగ్, అంటే జనం దేని గురించి ఆలోచించాలో మీడియా తేల్చడం. 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు చాపెల్ హిల్ అనే ఊళ్ళో మ్యాక్స్‌వెల్ మెకోంబ్స్, డోనాల్డ్ షా ఇద్దరూ ఎవరికి ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోని 100 మందిని పట్టుకుని దేశంలో ముఖ్యమైన సమస్యలేంటని అడిగారు, ఇంకోపక్క వాళ్ళు చదివే పేపర్లూ చూసే టీవీ వార్తలూ దేనికెంత చోటిచ్చాయో లెక్కేశారు, రెండు జాబితాలూ దాదాపు ఒకే వరసలో వచ్చాయి. 1972లో అచ్చయిన ఆ పరిశోధన మీద ఇప్పటికీ పేపర్లు రాస్తూనే ఉన్నారు. అయితే మీడియాలో చూడబట్టే జనం అలా అనుకున్నారా, జనం అనుకునేదే మీడియా రాసిందా అన్నది ఆ ఒక్క సర్వేతో తేలదు, ఈ ప్రశ్న క్లాసులో అడుగు, నీ లెక్చరర్ నిద్రలేస్తాడు.

రిపోర్టర్‌కి ఇదెందుకు అంటావా? రేపు నువ్వు డెస్క్‌లో కూర్చుని పది ఐటెమ్స్‌లో తొమ్మిది డిలీట్ చేసేటప్పుడు ఏం చేస్తున్నావో నీకు తెలిసి చేస్తావు. అంతకంటే పెద్ద ఉపయోగం నేను చెప్పలేను. కావాలంటే ఈ వారమే ఒక న్యూస్ యాప్ తెరిచి ఉదయం నుంచి రాత్రి దాకా మొదటి స్క్రీన్‌లో ఏమేం ఎక్కాయి, ఏవి దిగిపోయాయి రాసుకో, మిస్టర్ గేట్స్ ఇప్పుడు మనిషి కాదు, నీ క్లిక్కులు లెక్కేసే ప్రోగ్రామ్. అసైన్‌మెంట్ కూడా అయిపోతుంది.

ప్రశ్న: నాది ఇంజినీరింగ్. జర్నలిజం పీజీలో చేరతానంటే ఇంట్లో నవ్వుతున్నారు. ఆర్ట్స్ వాళ్ళ మధ్య నేను వెనకపడిపోతానా?

లెక్కలొచ్చిన మనిషి కోసం న్యూస్‌రూమ్‌లు కాచుకుని కూర్చుంటాయి తమ్ముడూ. వడ్డీ 6 శాతం నుంచి 8 శాతానికి పెరిగితే 'వడ్డీ 2 శాతం పెరిగింది' అని రాసేస్తారు మనవాళ్ళు, అది తప్పు, పెరిగింది 2 శాతం పాయింట్లు, శాతంలో చెప్పాలంటే 33 శాతం పైనే. అప్పు కట్టేవాడికి ఈ తేడా చిన్నదా? ఇలాంటివి పట్టుకోగలిగితే డేటా జర్నలిజం, సైన్స్, బిజినెస్ బీట్లు నీవే. నీకు కష్టమయ్యేది రాయడం. ఇంజినీరింగ్ రిపోర్టుల్లో నేపథ్యంతో మొదలుపెట్టి ఫలితం చివర రాస్తారు, వార్తలో ఫలితం ముందు రావాలి, ఈ అలవాటు తిరగెయ్యడానికి ఒక సెమిస్టర్ పడుతుంది. చేరేలోపు రోజుకో వార్త తీసుకుని సగానికి కుదించడం ప్రాక్టీస్ చెయ్, సమాచారం ఒక్కటీ పోకూడదు.

ప్రశ్న: వార్తలు కూడా ఏఐ రాసేస్తోంది కదా. ఇప్పుడు ఈ కోర్సు మీద ఏళ్ళు, డబ్బులు పెట్టడం దండగ కాదా?

మీరడిగిన భయం కొత్తది కాదు. అమెరికా వార్తా సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2014లోనే కంపెనీల లాభనష్టాల వార్తలు సాఫ్ట్‌వేర్‌తో రాయించడం మొదలెట్టింది, అంతకుముందు మనుషులు మూడు నెలలకి 300 దాకా రాసేవాళ్ళు, తర్వాత అది 3,000 దాటింది. నిజం చెప్పాలంటే ఆ వార్తలు రాయలేకపోయామని ఏడ్చిన రిపోర్టర్ ఎవరూ లేరు, అంత విసుగు పని.

కానీ 2017 జూన్‌లో ఏమైందో చూడండి. లాస్ ఏంజిలిస్ టైమ్స్‌లో క్వేక్‌బాట్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది, అమెరికా జియలాజికల్ సర్వే నుంచి భూకంపం అలర్ట్ రాగానే దానంతటదే వార్త రాస్తుంది. ఆ రోజు 6.8 తీవ్రతతో కాలిఫోర్నియా తీరంలో భూకంపం అని వార్త వచ్చేసింది, ఎక్కడా ఒక్క గ్లాసు కూడా కదల్లేదు. తీరా చూస్తే అది 1925లో శాంటా బార్బరాలో వచ్చిన భూకంపం, పాత రికార్డుల్లో దాని చోటు సరిచేస్తుంటే సిస్టమ్ పొరపాటున కొత్త అలర్ట్ పంపేసింది, పైగా ఆ అలర్ట్‌లో తేదీ 2025 అని ఉంది. ఎనిమిదేళ్ళ తర్వాత రావాల్సిన భూకంపం! మనిషి ఎవరైనా ఒక్క చూపు చూసి ఉంటే అక్కడే ఆగిపోయేది.

కాబట్టి నా లెక్క ఇది: ప్రెస్‌నోట్‌ని వార్తగా మార్చడం మాత్రమే నేర్పే కోర్సైతే దండగే, ఆ పని మీ చేతిలో ఉన్న ఫోనే చేసేస్తుంది. ఆ ప్రెస్‌నోట్‌లో ఏం లేదు, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఈ వీడియో ఎప్పటిది, ఈ ఫొటోలో నీడలు ఎటు పడుతున్నాయి, ఈ కాగితం ఏ ఆఫీసులో అడిగితే దొరుకుతుంది, ఇవి నేర్పే చోట దండగ కాదు. ఇప్పుడు చాలాచోట్ల వెరిఫికేషన్ అని ఒక పేపరే పెడుతున్నారు, సిలబస్‌లో అది ఉందో లేదో చూసుకోండి. ఏఐతో అసైన్‌మెంట్లు రాయించుకుని పాసయ్యే వాళ్ళ గురించి అడక్కండి, వాళ్ళ సంగతి మొదటి ఇంటర్న్‌షిప్‌లో ఎటూ తేలిపోతుంది.

ప్రశ్న: జర్నలిస్టు అవ్వడానికి అసలు డిగ్రీ తప్పనిసరా?

చాలా దేశాల్లో కాదు. డాక్టర్‌కీ లాయర్‌కీ ఉన్నట్టు జర్నలిస్టుకి లైసెన్స్ పెడితే ఎవరు రాయాలో ప్రభుత్వం తేల్చినట్టవుతుందని ఒక వాదన ఉంది, అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టు 1985లో కోస్టారికా చట్టం విషయంలో అదే మాట చెప్పింది. బ్రెజిల్‌లో జర్నలిజం డిప్లొమా ఉండి తీరాలన్న రూల్ చాలా ఏళ్ళు నడిచింది, 2009లో అక్కడి సుప్రీంకోర్టు కొట్టేసింది. డిగ్రీ లేకుండా గొప్ప జర్నలిస్టులైనవాళ్ళు బోలెడంతమంది, మిస్సోరి డీన్ గారి సంగతి పైన చెప్పా కదా. కాకపోతే పరువునష్టం దావా అంటే ఏంటో మొదటి దావా పడ్డాక నేర్చుకోవడం కంటే మీడియా లా క్లాసులో నేర్చుకోవడం చవక.

ప్రశ్న: మా అమ్మాయి మాస్ కమ్యూనికేషన్ చదువుతానంటోంది. నలుగురిలో నోరు విప్పని పిల్ల. ఇది దానికి సరిపడే చదువేనా అండీ? మీరైనా చెప్పండి.

మీరు టీవీలో గట్టిగా అరిచే డిబేట్లు చూసి అడుగుతున్నారనిపిస్తోందండీ. ఆ అరుపులు ఈ వృత్తిలో చాలా చిన్న మూల. డెస్క్, ఎడిటింగ్, పేజీ డిజైన్, డేటా, ఫ్యాక్ట్ చెకింగ్, స్క్రిప్ట్, రీసెర్చ్, ఇవన్నీ నెమ్మదస్తులు చేసే పనులే. అసలు ఇంటర్వ్యూల్లో కూడా తక్కువ మాట్లాడేవాళ్ళే నెగ్గుతారు. మేం క్లాసులో ఒక ఎక్సర్‌సైజ్ చేయిస్తాం, ఇద్దరేసి కూర్చుని ఒకరినొకరు ఇంటర్వ్యూ చెయ్యాలి, రికార్డ్ చేసుకుని తర్వాత మాట మాటా రాసి తేవాలి. గలగలా మాట్లాడే పిల్లల కాగితాల్లో సగం వాళ్ళ ప్రశ్నలే ఉంటాయి, అవతలివాళ్ళు చెప్పబోతుంటే మధ్యలో వీళ్ళే అందుకుని పూర్తి చేసేస్తారు. మాట తక్కువ పిల్లల కాగితంలో ప్రశ్న ఒక లైను, జవాబు అరపేజీ. ప్రశ్న అడిగి ఊరుకుంటే ఎదుటి మనిషి ఆ ఖాళీని భరించలేక ఇంకో మాట చెప్తాడు, చాలాసార్లు అదే అసలు మాట.

ఒక్కటి మాత్రం తప్పదు, తెలియని మనిషికి ఫోన్ చేసి నేను ఫలానా అని చెప్పుకోవడం. అది మొదట్లో అందరికీ వణుకే, కోర్సులో చేయించి చేయించి పోగొడతారు. పంపించండి.

ప్రశ్న: ఫైనల్ సెమిస్టర్. డిసర్టేషన్ టాపిక్ 'యువతపై సోషల్ మీడియా ప్రభావం' అనుకుంటున్నా. క్వశ్చనైర్ కూడా రెడీ. మా గైడ్ ఓకే అన్నారు, మీరేమంటారు?

మీ గైడ్ దయగల మనిషి. నేనైతే ఒప్పుకోను, ఎందుకంటే ప్రతి ఏడాదీ ప్రతి డిపార్ట్‌మెంట్‌లో ఇదే టాపిక్ కట్టలు కట్టలుగా వస్తోంది, లోపల ఒక్కదాంట్లోనూ ప్రభావం ఉండదు. 'సోషల్ మీడియా మీ మీద ప్రభావం చూపుతోందా' అని వందమందిని అడిగితే మీకు తెలిసేది వాళ్ళేమనుకుంటున్నారో మాత్రమే. ఎక్కువసేపు ఫోన్ చూసేవాళ్ళు ఎక్కువ దిగులుగా ఉన్నారని తేలినా, ఫోన్ వల్ల దిగులొచ్చిందా, దిగులుగా ఉండి ఫోన్ పట్టుకున్నారా అన్నది మీ క్వశ్చనైర్ చెప్పలేదు. అది తేల్చాలంటే ఏళ్ళ తరబడి అదే మనుషుల వెంట తిరగాలి లేదా ప్రయోగం పెట్టాలి, ఒక సెమిస్టర్‌లో అయ్యే పని కాదు.

మీకు అయ్యే పని కంటెంట్ అనాలసిస్. ప్రభావాన్ని వదిలేసి, ఎదురుగా కనిపిస్తున్నదాన్ని లెక్కపెట్టండి. ఉదాహరణకి విద్యార్థుల ఆత్మహత్యల వార్తలు తీసుకోండి. ఇలాంటి వార్తలు ఎలా రాయాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఉన్నాయి, ఏ పద్ధతిలో చనిపోయారో వివరంగా రాయొద్దు, దాన్నే సమస్యకి పరిష్కారంలా చూపించొద్దు, సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పండి అని. రెండు పేపర్లు, మూడు నెలలు తీసుకుని ప్రతి వార్తకీ ఈ మూడు గడులు పెట్టి అవును, కాదు నింపుకుంటూ పోవాలి. వినడానికి తేలిగ్గా ఉంటుంది, కూర్చుంటే తెలుస్తుంది. 'తాడు' అని ఒక్క మాట ఉంది, ఇది వివరంగా రాసినట్టా కాదా? 'మార్కులు తక్కువొచ్చాయని మనస్తాపంతో' అని హెడ్డింగ్, దీన్ని ఏ గడిలో వెయ్యాలి? ఇలాంటి ప్రతి చోటా ఒక రూల్ రాసుకోవాలి, ఆ రూల్స్ పుస్తకాన్నే కోడ్‌బుక్ అంటారు.

తర్వాత మీ ఫ్రెండ్‌ని ఒకరిని కూర్చోబెట్టి కోడ్‌బుక్ మాత్రమే ఇచ్చి, మీరు చెవిలో ఏమీ ఊదకుండా, అవే వార్తలు కొన్ని కోడ్ చేయించండి. ఇద్దరి జవాబులూ చాలావరకు కలవకపోతే తప్పు ఫ్రెండ్‌ది కాదు, కోడ్‌బుక్‌ది, మళ్ళీ రాయండి. ఎంత కలిసిందో లెక్కగట్టే పద్ధతులు కోహెన్ కాపా, క్రిపెన్‌డార్ఫ్ ఆల్ఫా అని ఉన్నాయి, ఏదో ఒకటి వాడి ఆ అంకె డిసర్టేషన్‌లో వెయ్యండి, వైవాలో మొదట అదే అడుగుతారు. వెబ్‌సైట్ వార్తలైతే దొరికినరోజే స్క్రీన్‌షాట్ తీసి తేదీతో సేవ్ చేసుకోండి, చాలాసార్లు సాయంత్రానికి హెడ్డింగ్ మారిపోతుంది.

రెడీ చేసుకున్న క్వశ్చనైర్ పక్కన పెట్టండి, బాధగానే ఉంటుంది. ముందు ఒక పది వార్తలు కోడ్ చేసి, ఎక్కడెక్కడ తికమకపడ్డారో రాసి పంపండి, చూస్తా. ఆ పది చెయ్యకుండా టాపిక్ ఎలా ఉంది మేడమ్ అని మాత్రం మళ్ళీ మెయిల్ పెట్టొద్దు.